నీళ్లు, ఒక కాగితం

చిరంజీవులు చిన్నూ, బన్నీలకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో "తుపాను వస్తోందట, బడికి సెలవు" అని గంతులేశారు. ఆ మాట విన్నప్పటి నుంచి మీకు ఇది రాయాలనిపిస్తోంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ విశాఖ మీద పడింది. గాలి గంటకు 180 కిలోమీటర్లట. తుపాను వస్తుందని రోజుల ముందే చెప్పారు. 1977లో దివిసీమ ఉప్పెనకు వేలమంది పోయారు, అప్పట్లో ఇన్ని హెచ్చరికలు ఊళ్లకు అందేవి కావు. మాకు మాత్రం అందాయి. బియ్యం, పప్పు, కొవ్వొత్తులు తెచ్చుకున్నాం. నీళ్ల సంగతే తట్టలేదు. పైన ట్యాంకు నిండుగా ఉంది కదా అని ధీమా.

కరెంటు పోయింది, మోటారు ఆగింది. మర్నాడు సాయంత్రానికి కుళాయి తిప్పితే బుస్సుమని గాలొచ్చింది. తాతయ్య మూడో అంతస్తు నుంచి దిగి, వీధి చివర బోరింగు దగ్గర రెండు గంటలు నిలబడ్డారు. మెట్ల మీద ఒలకకుండా బకెట్ మీద పళ్లెం మూసి మోసుకొచ్చారు. ఆ ఒక్క బకెట్టే వంటకూ, తాగడానికీ. అందుకే తుపాను కబురు రాగానే ముందు బిందెలు, బకెట్లు కడిగి నింపండి. తాగే నీళ్లు మనిషికి రోజుకు మూడు లీటర్లైనా విడిగా మూతపెట్టి ఉంచండి.

మూడో రోజు, సిగ్నల్ దొరికిందని పక్కింటాయన తన ఫోన్ ఇచ్చారు. మీ అమ్మ నంబరు నాకు గుర్తులేదు. నా ఫోన్‌లో ఉంది, అదేమో ఛార్జింగ్ లేక ఆగిపోయింది. ఫోన్ చేతిలో పట్టుకుని ఏడ్చేశాను. హైదరాబాదులో మీ అమ్మ ఎంత టెన్షన్ పడిందో తర్వాత తెలిసింది.

ఇంకో మాట. గాలి ఉన్నట్టుండి ఆగిపోతే తుపాను పోయిందనుకోకండి. తుపాను కన్ను, అంటే దాని నడిమి భాగం, మన మీదుగా పోతుంటే అలాగే ఉంటుంది, కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంత గాలీ వస్తుంది. ఆ రోజు పడిపోయిన చెట్టు చూద్దామని దిగిన పిల్లల్ని తాతయ్య కేకలేసి లోపలికి పంపించారు.

ఈ ఆదివారం మీరిద్దరూ ఒక కాగితం మీద అమ్మ, నాన్న, పెదనాన్న నంబర్లు, 112, 108 పెద్ద అక్షరాలతో రాసి వంటింటి అలమర తలుపు లోపల అంటించండి. ఫొటో తీసి నాకు పంపండి.

మీ అమ్మమ్మ