ప్రతి ముడతకూ గంధకమేనా? అపోహలు - వాస్తవాలు

మిరప పూతకు వచ్చే రోజుల్లో నా ఫోనుకు వచ్చే ఫొటోల్లో ఎక్కువ భాగం ముడుచుకుపోయిన ఆకులవే. వాటి వెంట వచ్చే ప్రశ్న కూడా దాదాపు ఒకటే: "సార్, గంధకం కొట్టాం, ముడత పోలేదు, డోసు పెంచమంటారా?" సస్యరక్షణలో పనిచేసే నాకు ఈ ప్రశ్న ఎంత అలవాటైనా, దాని వెనుక రైతు అప్పటికే పెట్టిన ఖర్చు, పోగొట్టుకున్న వారం రోజులు తలచుకుంటే బాధే కలుగుతుంది. గంధకం గురించిన అపోహల్లో మిరప రైతుకు అన్నిటికంటే ఖరీదైనది ఇదే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఆకుముడత ఏదైనా గంధకంతో పోతుంది.

వాస్తవం: మిరప ఆకు ముడుచుకోవడానికి ప్రధానంగా మూడు కారణాలుంటాయి, వాటిలో గంధకం పనిచేసేది ఒక్కదాని మీదే. ఆకు అంచులు కిందికి వంగి తిరగేసిన పడవలా మారి, కాడ పొడవుగా సాగితే అది ఆకు రసం పీల్చే తెల్లనల్లి చేసిన కింది ముడత. దీనికి లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున 80 శాతం గంధకం పొడిని, ఆకుల అడుగు భాగం బాగా తడిసేలా పిచికారీ చేస్తే ఫలితం కనిపిస్తుంది. అంచులు పైకి లేచి ముడుచుకుంటే అది తామర పురుగుల వల్ల వచ్చిన పై ముడత. గంధకం దీన్ని అదుపు చేయలేదు. ఇక మొక్క గిడసబారి, ఈనెలు పసుపుబారి, చిన్న చిన్న ఆకులు గుబురుగా వస్తుంటే అది తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్. వైరస్ సోకిన మొక్కను ఏ మందూ బాగు చేయలేదు. తొలి దశలోనే పీకి నాశనం చేసి, తెల్లదోమను అదుపు చేయడమే మార్గం.

2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటల మీద నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు, ఈ తేడా తెలియకపోవడం వల్ల ఎంత నష్టం జరుగుతుందో కళ్లారా చూశాను. ఆ పురుగు ఎక్కువగా పూలలో దాక్కుని పూతను రాల్చేస్తుంది. ఆ రోజుల్లో ఒక కౌలు రైతు పొలానికి వెళ్లేసరికి ముడతతో పాటు ఆకుల అంచులు కూడా మాడిపోయి ఉన్నాయి. గంధకంలో వేపనూనె కలిపి కొడితే నల్ల తామర ఒక్క పూటలో చస్తుందని ఎవరో పంపిన వాట్సాప్ సందేశాన్ని నమ్మి, రెండూ ఒకే ట్యాంకులో కలిపి మిట్టమధ్యాహ్నం పిచికారీ చేశారట. ఒక పువ్వు కోసి తెల్ల కాగితం మీద తట్టి చూపిస్తే, సన్నని నల్లని పురుగులు బిలబిలా బయటికి వచ్చాయి. ఆయన కాసేపు వాటినే చూసి, "మరి ఇవి గంధకానికి చావవా సార్?" అని అడిగారు. కళ్ల ముందే పూత రాలిపోతుంటే, కౌలు, వడ్డీ రెండూ నెత్తిన ఉన్న మనిషి ఎవరేం చెప్పినా చేస్తాడు. నా కోపమంతా పరీక్షించకుండానే అలాంటి సందేశాలను పదిమందికీ పంపేవారి మీద. మందు కొనేముందు ఆకు ఎటు వంగిందో చూడండి, ఒక పువ్వును కాగితం మీద తట్టండి, లేత ఆకు అడుగున భూతద్దంతో వెతకండి. నల్లి కంటికి సరిగా ఆనదు.

అపోహ: గంధకం మెత్తని మందు, ఎప్పుడు కొట్టినా హాని ఉండదు.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. శిలీంద్రాలు దీనికి తట్టుకునే శక్తిని పెంచుకున్న దాఖలాలు లేవు, సేంద్రియ సాగులోనూ దీన్ని అనుమతిస్తారు. అయితే ఎండ 32 డిగ్రీలు దాటే వేళల్లో ఇది ఆకును మాడ్చగలదు. నూనె మందులకూ దీనికీ మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి. దోస, పుచ్చ జాతుల్లో కొన్ని రకాలు దీన్ని అసలే తట్టుకోలేవు. మరో మాట, పురుగు కనబడగానే సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే రసాయన పురుగుమందులు పదేపదే కొట్టే తోటల్లో నల్లి తగ్గకపోగా పెరుగుతుంది, ఆ తర్వాత గంధకం పనిచేయలేదన్న నింద మిగులుతుంది.

బూడిద తెగులుకు గంధకం మంచిదే గాని, మిరపలో ఆ శిలీంద్రం ఆకు లోపలికి చొచ్చుకుపోతుంది కనుక ఆకుల అడుగున తెల్లని పొడి కనిపించిన తొలి రోజుల్లోనే వాడాలి. ఆకులు రాలడం మొదలయ్యాక దీని మీద ఆశ పెట్టుకోకూడదు.

అపోహ: గంధకం పిచికారీ చేశాం కాబట్టి పంటకు పోషకంగా కావలసిన గంధకం కూడా అందినట్టే.

వాస్తవం: లెక్క వేసి చూడండి. ఎకరాకు 200 లీటర్ల నీటిలో కలిపే 600 గ్రాముల పొడిలో ఉండే గంధకం 480 గ్రాములే. వేరుశనగకు ఎకరాకు వేయమనే 200 కిలోల జిప్సంలో అది పాతిక కిలోలకు పైగా ఉంటుంది. భాస్వరం కోసం వేసే డీఏపీ ఎరువులో గంధకం చెప్పుకోదగినంత ఉండదు. ఒక డీఏపీ బస్తాలోని భాస్వరాన్ని సూపర్ ఫాస్ఫేటు రూపంలో ఇవ్వాలంటే దాదాపు మూడు బస్తాలు కావాలి, కానీ వాటితో పాటు సుమారు 16 కిలోల గంధకం కూడా నేలకు చేరుతుంది. ఆకు పసుపుబారితే యూరియా చల్లే అలవాటు కూడా ఇక్కడే బెడిసికొడుతుంది: నత్రజని లోపమైతే ముదురు ఆకులు ముందు పసుపుబారుతాయి, గంధకం లోపమైతే లేత ఆకులు.

నీటిలో కరిగే గంధకమని దుకాణంలో అడిగినా, అది నిజానికి నీటిలో కరగదు, తేలియాడుతుంది అంతే. ముందు బకెట్లో కొద్ది నీటితో పలుచగా కలిపి, వడగట్టి, ఆ తర్వాతే ట్యాంకులో పోయాలి. పిచికారీ చేస్తున్నంతసేపూ మధ్యమధ్యలో ట్యాంకును కదుపుతూ ఉండకపోతే పొడి అడుగుకు చేరి, కొన్ని సాళ్లకు నీళ్లు, కొన్ని సాళ్లకు మోతాదుకు మించిన మందు పడతాయి.