మ్యూట్ చేసినా ఆగని మెసేజ్‌లు

డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో సర్వర్ (సభ్యుల గ్రూపు; అందులోని ఒక్కో చాట్ గది ఒక ఛానెల్) నడిపేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే చిక్కు ఇది. గొడవ పెడుతున్న సభ్యుడికి ‘మ్యూటెడ్’ అని ఒక రోల్, అంటే హక్కుల బిళ్ల, తగిలిస్తారు. ఆ రోల్‌లో మెసేజ్ పంపే పర్మిషన్ తీసేసి ఉంటుంది. అయినా కాసేపటికి అతగాడు పక్క ఛానెల్‌లో తాపీగా రాస్తూ కనిపిస్తాడు. మోడరేటర్లకి టెన్షన్, చూసేవాళ్లకి వినోదం. కాపలా కాసే ప్రోగ్రామ్ (బాట్) పాడైందేమో, సెట్టింగ్ సేవ్ కాలేదేమో అని అందరూ తలలు పట్టుకుంటారు. అక్కడ పాడైంది ఏమీ లేదు. డిస్కార్డ్ పర్మిషన్లు లెక్కగట్టే తీరే అంత. అదెలా వచ్చిందో చూడాలంటే గ్రూప్ చాట్‌లో ‘ఎవరు రాయొచ్చు’ అన్న తగువు మొదలైన చోటికి వెళ్లాలి.

1988 ఆగస్టులో ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో యార్కో ఒయికారినెన్ ఐఆర్‌సీ అనే చాట్ ప్రోగ్రామ్ రాశాడు. అందులో కుదురుకున్న పద్ధతి ఏమిటంటే, ఖాళీ ఛానెల్‌లోకి మొదట ఎవరు అడుగుపెడితే వాళ్లే దానికి ఆపరేటర్. వాడుకలో ‘ఆప్’. పేరు ముందు @ గుర్తు పడుతుంది. బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టే. ఆఖరి మనిషి బయటికి వెళ్లగానే ఛానెలూ మాయం, దానితోపాటు హక్కులూ మాయం. టీ తాగొద్దామని దిగితే సీటు పోయినట్టు.

అయినా ఆ కాస్త ఏర్పాటులోనే ఈనాటి ప్రకటనల ఛానెళ్ల నమూనా ఉంది. 1993 మేలో వెలువడిన ఐఆర్‌సీ ప్రమాణపత్రంలో ఛానెల్‌కి ‘ఎం’ అనే మోడ్ (సెట్టింగ్) కనిపిస్తుంది. అది పెడితే ఆప్‌లూ, ఆప్‌లు ‘వాయిస్’ ఇచ్చినవాళ్లూ మాత్రమే రాయగలరు. మిగతావాళ్లు చదువుకోవాలి, అంతే. ఈ ఆలోచనకి ఆ తర్వాత వచ్చిన కంపెనీలు రంగులు వేశాయే తప్ప కొత్తగా కలిపింది తక్కువ.

అసలు కష్టం మోడ్‌లతో కాదు, తువ్వాలుతో వచ్చింది. ఐఆర్‌సీలో చాలా సర్వర్లు (ఇక్కడ సర్వర్ అంటే కంప్యూటరే) ఒకదానికొకటి గొలుసుగా కలిసి ఉంటాయి. మధ్యలో ఒక లింకు తెగితే నెట్‌వర్క్ రెండు ముక్కలవుతుంది, దాన్నే ‘నెట్‌స్ప్లిట్’ అంటారు. అప్పుడు ఒక ముక్కలో ఆ ఛానెల్ ఖాళీ అయిపోవచ్చు. సరిగ్గా అదే సమయంలో ఎవడో అక్కడ దూరితే ఛానెల్ కొత్తగా పుట్టినట్టు లెక్క, వాడికి ఆప్ దక్కుతుంది. లింకు మళ్లీ అతుక్కునేసరికి వాడి పేరు ముందు కూడా @ ఉంటుంది. ఇక పాత ఆప్‌లను ఒక్కొక్కరినే బయటికి తోసేసి ఛానెల్ కబ్జా చేసేవాడు. వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే.

దీనికి మందు ఏమిటన్నదాని మీద పెద్ద పేచీ నడిచింది. ఏ ఛానెల్ ముందు పుట్టిందో సమయం చూసి పాతవాళ్లకే హక్కు ఉంచాలని ఒక పక్షం. స్ప్లిట్‌లో మాయమైన ఛానెల్‌ని కొంతసేపటిదాకా ఎవరినీ మళ్లీ తెరవనివ్వకూడదని ఇంకో పక్షం. వేరే విభేదాలు కూడా కలిసి, 1996 జులైలో ఈఎఫ్‌నెట్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ నుంచి ఎక్కువగా యూరప్ సర్వర్లు విడిపోయి ఐఆర్‌సీనెట్ అయ్యాయి. చాట్ రూమ్ తాళాల గొడవకి నెట్‌వర్క్ సగానికి చీలిందంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, అప్పట్లో అది ఆస్తి పంపకమంత సీరియస్.

ఈలోగా జనం తమ దారి తాము చూసుకున్నారు. నిద్రపోకుండా సీటు కాసే మనిషి కావాలి కాబట్టి ప్రోగ్రామ్‌నే కాపలా పెట్టారు. 1993లో వచ్చిన ఎగ్‌డ్రాప్ అలాంటి బాట్. ఇవాళ్టి మోడరేషన్ బాట్లన్నిటికీ తాత. 1994లో మొదలైన డాల్‌నెట్ అనే ఇంకో ఐఆర్‌సీ నెట్‌వర్క్ మరో అడుగు వేసి, ఛానెల్‌ని పాస్‌వర్డ్‌తో రిజిస్టర్ చేసుకునే చాన్‌సర్వ్ తెచ్చింది. తువ్వాలు పోయి పట్టా వచ్చిందన్నమాట.

పట్టా ఉన్నా కింద నేల ఎవరిదన్నది వేరే సంగతి. 2021 మేలో ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్క్ యాజమాన్యంతో పడక, దాన్ని నడిపే వాలంటీర్లు రాజీనామా చేసి లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్క్ పెట్టారు. అక్కడికి మారుతున్నామని టాపిక్‌లో (ఛానెల్ పైన కనిపించే వాక్యంలో) రాసుకున్న వందల ఛానెళ్లను ఫ్రీనోడ్ కొద్దిరోజుల్లోనే తన చేతిలోకి తీసేసుకుంది. ఏళ్ల తరబడి ఆప్‌లుగా ఉన్నవాళ్ల మాట అక్కడ చెల్లలేదు.

2015 మేలో గేమర్ల కోసం వచ్చిన డిస్కార్డ్ ఆ పాత మాటలనే వాడుకుంది: సర్వర్, ఛానెల్. హక్కుల లెక్క మాత్రం మార్చింది. ఒక్క @ బదులు రోల్‌లు పెట్టింది. ఒక మనిషికి ఉన్న రోల్‌లన్నిటిలోని పర్మిషన్లూ ఒక కుప్పలో పడతాయి. సర్వర్ స్థాయిలో ఏ రోలూ ఆ కుప్పలోంచి తీయలేదు, వేయగలదంతే. కాబట్టి అందరికీ వర్తించే ‘ఎవ్రీవన్’ రోల్‌లో రాసే హక్కు ఉంటే, ‘మ్యూటెడ్’ రోల్‌లో అది లేకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

నిజంగా ఆపాలంటే ఛానెల్ సెట్టింగ్‌లలోకి వెళ్లి ఆ రోల్‌కి ‘వద్దు’ అని పెట్టాలి. రేపు కొత్త ఛానెల్ తెరిస్తే అక్కడా గుర్తుపెట్టుకుని పెట్టాలి. అంతా చేసినా ఇంకో మెలిక ఉంది. ఛానెల్‌లో ముందు ‘ఎవ్రీవన్’ సంగతి చూస్తారు. తర్వాత మిగతా రోల్‌ల ‘వద్దు’లన్నీ ఒకేసారి, ఆపైన ‘సరే’లన్నీ ఒకేసారి లెక్కకొస్తాయి. జాబితాలో ఏ రోల్ పైనుందన్నది ఇక్కడ పట్టించుకోరు. ఆ గొడవ మనిషికి ‘ఆర్టిస్ట్’ అని ఇంకో రోల్ ఉండి, ఆ ఛానెల్‌లో దానికి ‘సరే’ అని ఉంటే ‘సరే’దే గెలుపు. 2021లో థ్రెడ్లు (ఛానెల్‌లోనే విడిగా సాగే పిల్ల సంభాషణలు) వచ్చాక వాటిలో రాయడానికి విడిగా ఇంకో పర్మిషన్ చేరింది. దాన్ని మరిచిపోతే వీధి తలుపు వేసి పెరటి తలుపు తెరిచిపెట్టినట్టే.

మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో ఇంత తలనొప్పి లేదు. అక్కడ ఒకటే స్విచ్: అడ్మిన్లు మాత్రమే రాయాలి. 2018 జూన్ చివర్లో అది వచ్చింది. 2019 నవంబరులో అయోధ్య తీర్పు రోజుల్లో, ఎవరో పెట్టిన మెసేజ్‌కి తమ మీద కేసు పడుతుందని దేశమంతటా ఎందరో అడ్మిన్లు ఆ స్విచ్ వేసేశారు. సభ్యుడి పోస్టుకి అడ్మిన్ బాధ్యుడు కాడని 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు చెప్పింది.

మ్యూట్ రోల్‌తో జనం పడే పాట్లు చూసి చూసి, 2021 డిసెంబరులో డిస్కార్డ్ ‘టైమ్‌అవుట్’ తెచ్చింది. గరిష్ఠంగా 28 రోజులు. రోల్‌ల లెక్కతో పని లేకుండా సర్వర్ అంతటా నోరు కట్టేస్తుంది. నన్నడిగితే ఆరేళ్లు ఆలస్యం. ఆ తర్వాత ఆర్నెల్లకే దొంగలు వేరే దారిలో వచ్చారు. 2022 జూన్‌లో బోర్డ్ ఏప్ యాట్ క్లబ్ అనే ఎన్‌ఎఫ్‌టీ (కొని అమ్మే డిజిటల్ బొమ్మల) బృందం డిస్కార్డ్ సర్వర్‌లో ఒక కమ్యూనిటీ మేనేజర్ ఖాతా దొంగల చేతికి చిక్కింది. ఆ ఖాతా నుంచే మోసపు లింకులు పోస్టయ్యాయి. సుమారు 200 ఈథర్ (ఒక క్రిప్టో కరెన్సీ) విలువైన ఎన్‌ఎఫ్‌టీలు పోయాయని ఆ క్లబ్బే చెప్పింది. కంచే చేను మేసినప్పుడు రైతు ఎవరికి చెప్పుకుంటాడు? అడ్మినిస్ట్రేటర్ పర్మిషన్, అంటే సర్వర్‌లో అన్ని హక్కులూ, ఉన్నవాళ్లకి టైమ్‌అవుట్ వర్తించదు.