జ్వాలాపురం తెల్లమట్టి, టోబా సరస్సు

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర, జుర్రేరు లోయలో జ్వాలాపురం అని ఒక ఊరుంది. అక్కడ గొయ్యి తవ్వితే మట్టి పొరల మధ్య సున్నం కొట్టినట్టు తెల్లటి చార ఒకటి బయటపడుతుంది. వేళ్ల మధ్య నలిపితే ముగ్గుపిండి కన్నా మెత్తగా రాలుతుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే పగిలిన గాజు బుడగల పెంకులు, వాటిలో కొన్ని అచ్చం పంగలకర్రలా ఉంటాయి. ఈ గాజు అగ్నిపర్వతపు బూడిదగా సుమారు 2,600 కిలోమీటర్ల అవతల, ఇండోనేషియాలోని సుమత్రా దీవి నుంచి గాలిలో వచ్చింది. ఊరి పేరులో జ్వాల ఉండటం మాత్రం కాకతాళీయమే.

అది పుట్టినచోట ఇప్పుడు టోబా సరస్సు ఉంది. పొడవు 100 కిలోమీటర్లు, వెడల్పు 30. లోతు కొన్నిచోట్ల 500 మీటర్లు దాటుతుంది. నడుమ సమోసిర్ దీవి, చుట్టూ బటక్ ప్రజల ఊళ్లు. అగ్నిపర్వతం ఏదని వెతికితే కనిపించదు, ఎందుకంటే మనం నిలబడ్డదే దాని అంచు మీద. ఈ పల్లం అగ్నిపర్వతం పనేనని డచ్చి భూగర్భ శాస్త్రవేత్త వాన్ బెమ్మెలెన్ 1939లో రాశాడు. చుట్టూరా బూడిద గట్టిపడి ఏర్పడిన రాయి పరుచుకుని ఉండటమే ఆయనకు దొరికిన ఆధారం.

ఇలాంటి పల్లాన్ని కాల్డెరా అంటారు. స్పానిష్‌లో ఆ మాటకు నీళ్లు కాచే గంగాళం లాంటి పాత్ర అని అర్థం. సుమత్రా పడమటి సముద్రంలో భారత-ఆస్ట్రేలియా ఫలకం, అంటే భూమి పైపెంకులోని ఒక పెద్ద పలక, దీవి కిందికి దూరుతూ ఉంటుంది. దానితోపాటు లోపలికి వెళ్లిన నీరు వేడికి బయటపడి పైనున్న రాతిని కరిగిస్తుంది. ఆ ద్రవం పైకి వచ్చి, నేల కింద కొన్ని కిలోమీటర్ల లోతున వేల ఏళ్లపాటు పోగవుతుంది. ఇసుకలో ఉండే సిలికా ఎక్కువ కాబట్టి అది బాగా చిక్కన, అందులో చిక్కుకున్న వాయువులు తేలిగ్గా బయటికి పోలేవు. ఒత్తిడి పైకప్పును చీల్చిన రోజున అంతా ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. కింద ఖాళీ అయ్యాక మోసేది లేక కప్పు కూలిపోతుంది. ఆ గుంటలో తరవాత వాననీరు నిలిచి సరస్సవుతుంది.

టోబాలో ఇది ఒక్కసారి జరిగింది కాదు. పన్నెండు లక్షల ఏళ్ల కిందట ఒకసారి, సుమారు ఎనిమిది లక్షల ఏళ్ల కిందట మరోసారి, ఐదు లక్షల ఏళ్ల కిందట ఇంకోసారి పేలింది. ఆ మూడోది చిన్నవాటిలో ఒకటి, అయినా దాదాపు 60 ఘన కిలోమీటర్ల శిలాద్రవం బయటపడిందని అంచనా. పాత పేలుళ్లు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటిగా గుంటలు చేసి వదిలాయి. సుమారు 74,000 ఏళ్ల కిందటి నాలుగో పేలుడు వాటన్నిటినీ ఒకే గొయ్యిలో కలిపేసింది. అప్పుడు బయటపడ్డ శిలాద్రవం 2,800 ఘన కిలోమీటర్లని 1987లో లెక్కగట్టారు, తరవాతి లెక్కలు ఇంకా ఎక్కువే చెప్పాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో వెళ్లగక్కింది నాలుగైదు ఘన కిలోమీటర్లు. ఆ మాత్రానికే ప్రపంచ సగటు ఉష్ణోగ్రత దాదాపు అర డిగ్రీ పడిపోయింది.

అసలు వివాదం ఇక్కడే మొదలైంది. టోబా ధూళి ఎండను అడ్డుకోవడంతో భూమి ఏళ్ల తరబడి చలిలో మునిగిందని 1990ల మొదట్లో ఒక వాదన వచ్చింది. 1998లో మానవ శాస్త్రవేత్త స్టాన్లీ ఆంబ్రోస్ దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లి, మనుషులు కొన్ని వేలమందికి తగ్గిపోయారన్నాడు. కథ రక్తికట్టింది, ఇప్పటికీ వీడియోల్లో అదే చెబుతుంటారు. నాకైతే జ్వాలాపురం గోతులు చెప్పేదే ఎక్కువ నమ్మదగ్గదిగా తోస్తుంది.

పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్‌ల బృందం అక్కడ తవ్వి 2007లో ఫలితాలు ప్రకటించింది. తెల్ల పొర కిందా రాతి పనిముట్లే, పైనా రాతి పనిముట్లే. చెక్కిన తీరులో పెద్ద తేడా లేదు. బూడిద రాలినా అక్కడి మనుషుల బతుకు తెగిపోలేదని వాళ్లన్నారు. ఆకాశం నుంచి పడింది కొన్ని సెంటీమీటర్లే. చుట్టుపక్కల వాలుల నుంచి నీళ్లు కడిగి తెచ్చి లోయలో చేర్చడంతో పొర కొన్నిచోట్ల రెండు మీటర్లు మించింది. 2013లో ఆఫ్రికాలోని మలావి సరస్సు అడుగు మట్టిలోనూ టోబా గాజు దొరికింది, దాని పక్క పొరల్లో పెద్ద చలి పడ్డ జాడ లేదు. 2020లో మధ్యప్రదేశ్‌లో సోన్ లోయలోని ఢాబా తవ్వకాలు కూడా మనుగడ కొనసాగిందనే చెప్పాయి.

టోబా మాత్రం పూర్తిగా చల్లారలేదు. కూలిన కప్పును కింది నుంచి కొత్త శిలాద్రవం మళ్లీ పైకి నెట్టింది, అలా లేచిందే సమోసిర్. ఒకప్పటి సరస్సు అడుగు మట్టి ఇప్పుడు ఆ దీవి మీద, నీటికి వందల మీటర్ల ఎత్తున కనిపిస్తుంది. పడమటి ఒడ్డున బటక్ వాళ్లు తమ మూలపురుషుడి చోటని కొలిచే పుసుక్ బుహిత్ కొండ కూడా పేలుడు తరవాత లేచిన అగ్నిపర్వతమే, దాని పాదాల దగ్గర వేడినీటి ఊటలున్నాయి. 2014లో భూకంప తరంగాల ఆధారంగా చేసిన పరిశీలనలో ఏడు కిలోమీటర్ల లోతుకు దిగువన శిలాద్రవం దోసెల దొంతరలా అడ్డంగా పరుచుకుని ఉందని తేలింది.

ఇక జ్వాలాపురంలో ఆ తెల్లమట్టిని గిన్నెలు తోమే పొడికోసం తవ్వి అమ్ముకున్నారు. పరిశోధకులకు పొరలు కనిపించింది చాలావరకు ఆ తవ్వకాల గోతుల్లోనే.