ఇప్ప కింద మొక్క ఎందుకు నిలవదు?

ములుగు జిల్లా తాడ్వాయి, ఏటూరునాగారం అడవుల్లో ఒక్కరి కౌగిలికి అందనంత లావు ఇప్పలు కనిపిస్తాయి. మణికట్టంత కాండమున్న ఇప్ప కోసం మాత్రం వెతుక్కోవాలి. పోడు చేలల్లో అదీ ఉండదు. పెద్ద చెట్టును పదిలంగా వదిలేస్తారు గానీ, దాని చుట్టూ ఏటా నాగలి తిరుగుతుంది. కాపుకు లోటు లేదు. గింజ రాలినప్పటి నుంచి మొక్క నడుమెత్తు ఎదిగేలోపే అంతా పోతోంది.

ఇప్పకాయ రోహిణి, మృగశిర కార్తెల నాటికి పండి రాలడం మొదలవుతుంది. కండ ఒలిస్తే లోపల ఒకటో రెండో గింజలు, గోధుమ రంగులో నిగనిగలాడుతూ, పలచని పెంకుతో. నూనె గింజ కాబట్టి ఊరి దగ్గరి చెట్ల కింద మిగలదు. మిగిలినదానికీ ఆయువు తక్కువే. వడ్లలా, కందుల్లా ఎండబెట్టి దాచే విత్తనం కాదిది. లోపలి తేమ పోతే మొలిచే శక్తీ పోతుంది. వారం పది రోజుల్లో నేలలో పడాలి. చెవి దగ్గర పెట్టి ఆడించినప్పుడు పప్పు గలగలమంటే ఆ గింజ గానుగకే పనికొస్తుంది. తొలకరి వెనకబడిన ఏడు రాలిన గింజలు చాలావరకు ఎండకే చస్తాయి.

మొలిచినదానికి మంట గండం. పువ్వు మార్చి, ఏప్రిల్‌లలో రాత్రంతా, తెల్లవారేదాకా రాలుతుంది. ఎండుటాకుల్లో దాన్ని ఏరడం కష్టమని ముందే చెట్టు కింద నిప్పు పెడతారు. బీడీ ఆకు ఇచ్చే తునికి కొత్త చిగురు కోసం పెట్టే మంట దీనికి తోడు. మందపాటి బెరడున్న తల్లికి ఏమీ కాదు. జానెడు మొక్క కాండం పుల్లంత; బెరడు కింది పచ్చి పొర ఉడికిపోతుంది. వేరు బతికితే వానలకు మళ్లీ చిగురిస్తుంది, మళ్లీ వేసవిలో కాలుతుంది. పైకి ఈ ఏటి మొలకలా కనిపించే మొక్కకు కింద బొటనవేలంత వేరు ఉండొచ్చు.

అసలు ఆస్తి అదే. కొత్త మొక్క నాటడం కంటే ముందు ఇలాంటివాటిని వెతకడం మేలు. తొలకరికి ముందు నేలకు దగ్గరగా కోసి, వచ్చిన పిలకల్లో బలమైన ఒక్కటే ఉంచి కంప కట్టాలి. ఊరిన వేరు కాబట్టి ఎదుగుదల చురుగ్గా ఉంటుంది.

పువ్వు ఏరేవాళ్లను తిట్టి లాభం లేదు, అది ఎండాకాలపు రాబడి. ఆకు ఊడ్చి కుప్ప చేసినా, నాలుగు గుంజలకు మోకాలెత్తున వల కట్టినా నిప్పు అక్కర్లేదు. వలలో పడ్డ పువ్వుకు మట్టీ బూడిదా అంటవు.

నారు పోయాలంటే 15×25 సెం.మీ. కవర్లలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన పెంట నింపి, తాజా గింజను అడ్డంగా 2 సెం.మీ. లోతున పెట్టాలి. తల్లివేరు తొందరగా అడుగుకు దిగి కవరు చీల్చుకుని నేల పడుతుంది. తర్వాత లాగితే తెగుతుంది, మొక్క వాడుతుంది. అందుకే నెలకోసారి కవర్లు జరపాలి. మరుసటి వానాకాలం 45 సెం.మీ. గుంతలో నాటి, సంక్రాంతి దాటగానే చుట్టూ మీటరు మేర ఎండుగడ్డి చెక్కేయాలి. రేగు కంపను తొందరపడి తీయకూడదు. మేక ముందుకాళ్లెత్తి నిలబడినా కొస అందనప్పుడే తీయాలి.