మౌనంగా ఉన్న ల్యాప్‌టాప్ శ్రుతిని ఎలా మింగింది?

"మాస్టారూ, శ్రుతిపెట్టె చచ్చిపోయిందండీ!"

చెన్నై పెరంబూరులో మా పై వాటాలో ఉండే అమ్మాయి సంగీతం నేర్చుకుంటోంది. గురువుగారు రికార్డు చేసి పంపిన పాఠాలు ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, పక్కన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె మోగించుకుంటూ సాధన చేస్తుంది. రెండూ ఒకే జత స్పీకర్లలోంచి వస్తే బాగుంటుందని వాళ్ల నాన్నగారు ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్ వెళ్లి, రెండు తీగలను ఒకటిగా కలిపే వై కేబుల్ ఒకటి తెచ్చారు. శ్రుతిపెట్టె ఒక్కటే గుచ్చితే గది నిండా మోగింది. ల్యాప్‌టాప్ పిన్ను కూడా గుచ్చగానే శ్రుతి దోమ రొదంత అయిపోయింది. అప్పటికి పాఠం మొదలు కూడా కాలేదు. ల్యాప్‌టాప్ పాజ్‌లో ఉంది. పిన్ను పీకేస్తే శ్రుతి మళ్లీ మామూలే.

పాడుతున్నవాణ్ణి నోరు మూసుకుని కూర్చున్నవాడు ఎలా ఆపగలడు? ఆ అమ్మాయి అడిగింది సరిగ్గా ఇదే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినా ఇంత చక్కటి ప్రశ్న క్లాసులో నన్నెవరూ అడగలేదు.

జవాబు కోసం ఆ అమ్మాయిని మేడమీదికి తీసుకెళ్లాను. మా మేడమీద రెండు ట్యాంకులున్నాయి. ఒకటి ఊరి సరఫరా నీళ్లది (మెట్రో వాటర్), ఒకటి బోరు నీళ్లది. వాటిని కట్టేటప్పుడు నైరుతి మూల వాస్తు గురించి నాలుగు మీటింగులు జరిగాయి. రెండు ట్యాంకుల మధ్య పైపు ఎంత లావుండాలో మాత్రం ఎవరూ అడగలేదు. ప్లంబరు లావుపాటి పైపుతో రెంటినీ కలిపి, ఆ పైపు మధ్యలోంచి వంటింటి కొళాయికి సన్న గొట్టం దించాడు. వారం తిరిగేసరికి అందరి ఇళ్లలో పప్పు ఉడకడం మానేసింది. బోరు ట్యాంకు నిండుగా, మెట్రో ట్యాంకు అడుగంటి ఉన్న రోజుల్లో ఉప్పునీళ్లు కొళాయిదాకా రావడం తక్కువ, పక్క ట్యాంకులోకి పోవడమే ఎక్కువ.

ఇక్కడ నీటిమట్టం అంటే వోల్టేజీ. పైపు సన్నదనం అంటే నిరోధం, దాన్ని ఓముల్లో కొలుస్తారు. కొళాయి గొట్టం అంటే స్పీకర్ల ఇన్‌పుట్. అది చాలా సన్నది, మామూలుగా 10 కిలో ఓములో అంతకు పైనో ఉంటుంది. ఔట్‌పుట్‌లు అలా కాదు, అవి లావుపాటి పైపులు. హెడ్‌ఫోన్లు మోగించడానికి తయారుచేసిన ల్యాప్‌టాప్ ఔట్‌పుట్ లోపలి నిరోధం 3 ఓములు అనుకుందాం. శ్రుతిపెట్టెది 600 ఓములు అనుకుందాం. రెంటినీ వై కేబుల్‌తో కలిపితే శ్రుతిపెట్టె నీళ్లకు ఎదురుగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి 10,000 ఓముల సన్న గొట్టం, ఇంకొకటి 3 ఓముల కాలువ. నీళ్లు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

లెక్క వేద్దాం. శ్రుతిపెట్టె 1 వోల్టు ఇస్తోందనుకుంటే కూడలి దగ్గర మిగిలేది 3 ÷ 603, అంటే వోల్టులో 200వ వంతు. ధ్వని స్థాయిని కొలిచే డెసిబెళ్లలో చెబితే 46 తగ్గుదల. దోమ రొద అదే.

మరి ల్యాప్‌టాప్ మౌనంగా ఉంది కదా? ఇక్కడే అసలు మెలిక ఉంది. మౌనం అంటే పని మానేయడం కాదు. ఔట్‌పుట్‌ను సున్నా వోల్టుల దగ్గర గట్టిగా పట్టుకుని ఉండడమే మౌనం. పక్కనుంచి ఎవరైనా పైకి నెడితే కిందికి లాగుతుంది, కిందికి లాగితే పైకి నెడుతుంది. ఎప్పుడూ అడుగంటి ఉండేలా ఎవరో కాపలా కాస్తున్న ట్యాంకు అది. మంచి ఔట్‌పుట్ అంటే తన మాట తప్ప ఇంకొకరి మాట వినని ఔట్‌పుట్. అలాంటివాటిని రెంటిని తీగతో ముడేస్తే రెండూ పెనుగులాడతాయి. ఒక ఫోను పాటను ఇద్దరు హెడ్‌ఫోన్లలో వినడానికి ఇదే వై కేబుల్ చక్కగా పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఔట్‌పుట్ ఒక్కటే, ఇద్దరైంది వినేవాళ్లు. కేబుల్ చూడ్డానికి ఒకటే, తిరగేస్తే ధర్మం మారిపోతుంది.

ప్రతి ఔట్‌పుట్‌నూ ఒక వోల్టేజీగా, దాని వెనక ఒక నిరోధంగా చూడొచ్చని ఫ్రాన్సులో టెలిగ్రాఫ్ ఇంజనీరు లియోన్ థెవెనిన్ 1883లో ప్రకటించాడు. అంతకు 30 ఏళ్ల ముందే, 1853లో, జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ అనే శాస్త్రవేత్త అదే సంగతి చెప్పాడు. మన పిల్లలు ఇంజనీరింగులో థెవెనిన్ లెక్కలు పేజీలకు పేజీలు చేస్తారు. చేతిలోని ఫోను జాక్‌లోనే ఒక థెవెనిన్ నిరోధం ఉందని మాత్రం వాళ్లకెవరూ చూపించరు. నాకు దీని మీద నిజంగానే బాధ ఉంది.

మళ్లీ మేడమీదికి వద్దాం. నాన్ రిటర్న్ వాల్వు పెట్టేస్తే సరిపోదా అని ఆ అమ్మాయి అడిగింది. నీళ్లకైతే సరిపోతుంది. కరెంటులో అలాంటి వాల్వు డయోడ్. కానీ నీళ్లు ఒకే దిక్కున పోతే చాలు, ధ్వని సంకేతానికి అలా కుదరదు. అది సెకనుకు వందలసార్లు, వేలసార్లు సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది. డయోడ్ పెడితే సగం అల కోసుకుపోతుంది. పైగా సిలికాన్ డయోడ్ తెరుచుకోవడానికే 0.6 వోల్టులు కావాలి. ఇళ్లలో వాడే పరికరాలు ఒకదానికొకటి సంకేతం పంపే 'లైన్ స్థాయి' ప్రమాణం 0.316 వోల్టులు. అది గడప కూడా దాటదు.

కాబట్టి వాల్వు వద్దు. ప్రతి ట్యాంకు నుంచి కూడలికి వచ్చే పైపును సన్నం చేస్తే చాలు. అప్పుడు ఒక ట్యాంకు నీళ్లు ఇంకోదానిలోకి వరదలా పోలేవు. పోయినా కొద్దిగానే పోతాయి. కూడలి దగ్గర మట్టం రెంటికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. ఇది ఎటో గెలిచే పోటీ కాదు, సగటు. రెండు సంకేతాల సగటు అంటే రెండూ కలిసి వినపడడమే.

చేసింది ఇంతే. వై కేబుల్ కోసి, ఒక్కో దారిలో 4.7 కిలో ఓముల రెసిస్టరు సోల్డరు చేశాను. పసుపు, ఊదా, ఎరుపు గీతలున్న అగ్గిపుల్ల ముక్కంత వస్తువు. పిన్ను కొస ఎడమ చానల్, దాని వెనక ఉంగరం కుడి చానల్, వెనక పొడుగుభాగం గ్రౌండ్. ఎడమ కుడి వేర్వేరు కనక రెండు పరికరాలకు నాలుగు రెసిస్టర్లు. ఇప్పుడు మళ్లీ లెక్క వేస్తే, స్పీకర్ల 10 కిలో ఓములను కూడా కలుపుకుని, శ్రుతి 1 వోల్టులో 0.38 వోల్టు కూడలికి చేరుతుంది. ఇంతకుముందు చేరింది 0.005. అంటే 75 రెట్లు పెరిగింది. తగ్గిన కాస్తా స్పీకర్ల వాల్యూమ్ తిప్పితే తిరిగొస్తుంది.

ఈ రెసిస్టర్ల ఉపాయం స్పీకర్లకు ముందు, లైన్ స్థాయిలోనే. రెండు యాంప్లిఫయర్ల స్పీకరు తీగలను ఒకే స్పీకరుకు ముడేయడం ఎప్పుడూ చేయకండి. వాటి లోపలి నిరోధం ఓములో పదో వంతుకన్నా తక్కువుంటుంది. ఒక్కోటి 0.08 ఓములనుకుని, రెంటి మధ్య 10 వోల్టుల తేడా వస్తే లెక్కప్రకారం 62 ఆంపియర్లు పారాలి. అంతదాకా రాకముందే ఫ్యూజో ట్రాన్సిస్టరో పోతుంది. అలాగే ల్యాప్‌టాప్ చార్జరు పెట్టినప్పుడు స్పీకర్లలో 50 హెర్ట్జ్ గుర్రు వినిపిస్తే ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. విరగ్గొడితే గుర్రు పోవచ్చు, ప్రాణానికున్న కాపలా కూడా దాంతోపాటే పోతుంది. దానికి ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అని చిన్న డబ్బా దొరుకుతుంది, అది పెట్టుకోండి.

నెల తిరక్కుండా అమ్మాయి మళ్లీ దిగొచ్చింది. ఈసారి ఫోనులో తాళం వేసే యాప్ కూడా కలపాలి. మూడో రెసిస్టరు జత పెట్టొచ్చు, కానీ అప్పటికే ఆ అమ్మాయి ఒక సంగతి పట్టేసింది. ల్యాప్‌టాప్ పిన్ను పీకితే శ్రుతి గట్టిగా అవుతోంది, పెడితే తగ్గుతోంది. నిజమే. ఒక ట్యాంకు తీసేస్తే సగటు మారుతుంది. 0.38 ఉన్నది 0.65 అవుతుంది.

దీనికి మందు రెండో ప్రపంచ యుద్ధకాలంలో పుట్టింది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ స్వార్ట్‌జెల్ 1941లో ఒక పేటెంటుకు దరఖాస్తు చేశాడు. దాని పేరే 'కూడిక యాంప్లిఫయర్'. విమానాలను కొట్టే ఫిరంగులు ఎటు గురిపెట్టాలో లెక్కకట్టే యంత్రంలో వోల్టేజీలను కూడడం దాని పని. ఈనాటి ఆప్ ఆంప్ (ఆపరేషనల్ యాంప్లిఫయర్) చిప్పులకు తాత అదే. ఆప్ ఆంప్ పుట్టిందే కూడడానికి!

మన ట్యాంకుల్లో చెప్పాలంటే, కూడలి దగ్గర చురుకైన మనిషి ఒకడు పంపు పట్టుకుని కూర్చుంటాడు. ఎటునుంచి ఎన్ని నీళ్లు వచ్చినా కూడలి మట్టం సున్నా దాటకుండా తోడేస్తుంటాడు. వాడు ఎంత తోడుతున్నాడో అదే మొత్తం కూడిక. ప్రతి ట్యాంకుకూ తన నీళ్లు నేలమీదికి పోతున్నట్టే ఉంటుంది. పక్కన ఇంకో ట్యాంకు ఉందని దానికి తెలియదు. ఇంజనీర్లు దీన్ని వర్చువల్ గ్రౌండ్ అంటారు. నాకు ఎలక్ట్రానిక్స్ మొత్తంలో ఇంతకన్నా అందమైన ఆలోచన కనపడలేదు. టీఎల్072 అనే ఆప్ ఆంప్ చిప్పు సంకేతాన్ని పెంచే బలం 1000 హెర్ట్జ్ దగ్గర సుమారు 3000 రెట్లు. బయటికి 1 వోల్టు రావాలంటే కూడలి కదిలేది వోల్టులో 3000వ వంతు.

పైగా ఒక్క టీఎల్072లో రెండు యాంప్లిఫయర్లుంటాయి. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. 9 వోల్టుల బ్యాటరీ, దాన్ని సగం చేసి 4.5 వోల్టుల దగ్గర నిలపడానికి రెండు సమాన రెసిస్టర్లు, ప్రతి దారిలో 10 కిలో ఓములు, ఔట్‌పుట్ నుంచి కూడలికి వెనక్కి తిప్పే దారిలో ఇంకో 10 కిలో ఓములు. బ్యాటరీ వోల్టేజీ పరికరాల్లోకి పాకకుండా ప్రతి దారికీ ముందు 10 మైక్రోఫారడ్ కెపాసిటరు, ఔట్‌పుట్‌కూ ఒకటి. ఇన్‌పుట్ కెపాసిటరు 1.6 హెర్ట్జ్‌కు దిగువనున్నదాన్ని ఆపుతుంది, శ్రుతిని తాకదు. అల తలకిందులై బయటికి వస్తుంది. మూడూ కలిసే తిరగబడతాయి కనక చెవికి తేడా తెలియదు.

ఆదివారం సాయంత్రం డబ్బా బిగించి ఇచ్చాను. శ్రుతి మోగుతుండగా అమ్మాయి సరళీ స్వరాలు ఎత్తుకుని, మధ్యలో ఫోను పిన్ను చటుక్కున లాగేసింది. తాళం ఆగిపోయింది. నా వైపు చూస్తూ ల్యాప్‌టాప్ పిన్ను కూడా లాగేసింది. శ్రుతి వెంట్రుకవాసి కూడా కదల్లేదు.