నాలుగేళ్లు ఆగిన సంతకం వెనక

2023 ఏప్రిల్ 24న పోర్చుగల్‌లోని కెలూజ్ రాజభవనంలో బ్రెజిల్ గాయకుడు, గీతరచయిత షికో బువార్కి కమోయిష్ బహుమతి అందుకున్నారు. పోర్చుగీసు భాషా సాహిత్యానికి ఇచ్చే అత్యున్నత గౌరవం ఇది. అయితే బ్రెజిల్, పోర్చుగల్ కలిసి ఇచ్చే ఈ బహుమతిని ప్రకటించింది 2019లో. బ్రెజిల్ అప్పటి అధ్యక్షుడు బోల్సొనారో పత్రం మీద సంతకం పెట్టకుండా పక్కన పడేశారు. పాటగాడి మీద ఒక దేశాధ్యక్షుడికి అంత పంతం ఎందుకో తెలియాలంటే యాభై ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

షికో 1944లో రియోలో పుట్టారు. తండ్రి పేరున్న చరిత్రకారుడు. ఆర్కిటెక్చర్ చదువు మధ్యలో వదిలేశారు. 1966లో టీవీ పాటల పోటీలో గెలిచి, ఇరవై రెండేళ్లకే దేశమంతా తెలిసిన పేరయ్యారు. అప్పటికి రెండేళ్లుగా సైన్యం పాలిస్తోంది. 1968 డిసెంబరులో చాలా పౌరహక్కులు రద్దు చేశారు. మరుసటి నెలలో షికో ఇటలీ వెళ్లి, 1970లో తిరిగొచ్చారు.

రాగానే రాసిన పాట 'అపెజార్ ది వొసే'. నువ్వెంత అణచినా రేపు తెల్లారక మానదని ఎవరినో నిలదీసే సాంబా అది. సెన్సార్ వాళ్లు చూసి సరేనన్నారు. సుమారు లక్ష రికార్డులు అమ్ముడయ్యాక, ఆ 'నువ్వు' సైనిక అధ్యక్షుడు మెడీసియేనన్న మాట బయటికొచ్చింది. పాటను నిషేధించి, ఫ్యాక్టరీలో మిగిలిన రికార్డులు ధ్వంసం చేశారు. 1973లో మరో గాయకుడు జిల్బెర్తో జిల్‌తో కలిసి వేదికెక్కి కొత్త పాట అందుకుంటే మైకులు కట్ చేశారు.

ఇక ఆయన పేరు కనిపిస్తే చాలు, పాట ఆగిపోయేది. అందుకే 1974లో జులీన్యో ద అదెలాయిడె అనే మనిషిని పుట్టించారు. ఆ పేరుతో పంపిన పాటలు సెన్సార్ దాటాయి. 'జులీన్యో' ఒక పత్రికకు ఇంటర్వ్యూ కూడా ఇచ్చాడు! మరుసటి ఏడాది గుట్టు రట్టవడంతో, పాటతో పాటు రచయిత గుర్తింపు పత్రాల నకళ్లు కూడా జతచేయాలని రూల్ పెట్టారు. ఒక కవి కల్పనకు ప్రభుత్వం అంతగా బెదిరిందంటే ఆ కలానికి ఎంత బలముండాలి!

1985లో సైనిక పాలన ముగిసింది. తర్వాత షికో పాటలతో పాటు నవలలూ రాశారు. 'బుడాపెస్ట్' వంటివి చాలా భాషల్లోకి వెళ్లాయి. వామపక్షానికి, 2023లో మళ్లీ అధ్యక్షుడైన దాని నేత లూలాకు ఆయన మద్దతు ఎప్పుడూ బాహాటమే. బోల్సొనారో మాజీ సైనికాధికారి. ఆ నియంతృత్వాన్ని మెచ్చుకున్న మనిషి. 2016లో పార్లమెంటులో అప్పటి అధ్యక్షురాలు డిల్మా అభిశంసనపై వేసిన తన ఓటును, ఆ కాలంలో ఖైదీలను చిత్రహింసలు పెట్టిన కేంద్రానికి అధిపతిగా పనిచేసిన కర్నల్ ఉస్త్రాకు అంకితమిచ్చారు. అలాంటాయన షికో పత్రం మీద సంతకం పెడతారని ఎవరూ అనుకోలేదు. 2026 డిసెంబరు 31లోగా, అంటే రెండోసారి గెలిస్తే ఆ పదవీకాలం ముగిసేలోగా, పెడతానని మాత్రం అన్నారు. ఆ సంతకం లేకపోవడమే తనకు రెండో కమోయిష్ బహుమతి అని షికో అప్పుడే బదులిచ్చారు.