మోచేతి మీద పొలుసులు

అమ్మడూ,

నీకూ తమ్ముడికీ ఆశీస్సులు. మీ క్లాసులో ఒకమ్మాయికి సోరియాసిస్ ఉందని, మోచేతుల మీంచి తెల్లటి పొలుసులు రాలతాయని రాశావు. "పక్కన కూర్చుంటే మాకూ వస్తుందా తాతా?" అని అడిగావు. రాదు. చెయ్యి పట్టుకున్నా, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగినా రాదు. అది అంటువ్యాధి కాదు.

ఇక్కడ పాలకొండ వైపు ఉభాలు, అంటే వరినాట్లు, మొదలయ్యాయి కాబట్టి నారు పోసే ఆకుమడి పెట్టే చెబుతాను. విత్తనాలు చల్లాక పాతిక, ముప్ఫై రోజులు ఎదిగితేగానీ ఆకు తియ్యం. మన చర్మమూ అంతే. అడుగున పుట్టిన కణం పైకొచ్చి, ఎండి, రాలడానికి దాదాపు నెల పడుతుంది. రాలినట్టు మనకు తెలియను కూడా తెలియదు. సోరియాసిస్‌లో ఆ నెల పని మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. లేత ఆకు కట్టలు కట్టలుగా గట్టు మీదికి వచ్చి పడుతుంటే నాటేవాళ్ళు అందుకోలేరు కదా, ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి. పొలుసులంటే అవే. మడిని అలా తొందరపెట్టేది ఒంటికి కాపలా ఉండే రక్షణ కణాలే. రాని దొంగ వచ్చాడనుకుని కేకలేస్తాయి.

మా చిన్నప్పుడు తోటపల్లి కాలవ కింద మళ్ళల్లో ఆకు కట్టలు అందించే పని పిల్లలదే. మాతో ఒక కుర్రాడు వచ్చేవాడు, తలనిండా పొలుసులు. వాళ్ళమ్మ రథసప్తమికి అరసవల్లి తీసుకెళ్ళి సూర్యనారాయణస్వామికి మొక్కించేది. ఆ తల్లి నమ్మకం నాకు గౌరవమే. ఇప్పుడు చర్మవ్యాధుల డాక్టర్లు కూడా ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలను కొలత ప్రకారం ఇచ్చి ఈ జబ్బుకు వైద్యం చేస్తున్నారు. అలాగని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడకూడదు, చర్మం కమిలితే అక్కడే కొత్త మచ్చలు లేస్తాయి. బడిలో మాత్రం వాణ్ణి వెనకబల్ల మీద ఒంటరిగా కూర్చోబెట్టారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమొస్తుంది.

ఈ జబ్బున్నవాళ్ళలో సుమారు మూడోవంతు మందికి చిన్నతనంలోనే మొదలవుతుంది. పిల్లల్లో చాలాసార్లు ముందు తలలో కనిపిస్తుంది, చుండ్రనుకుని వదిలేస్తారు. పెద్దవాళ్ళ మచ్చలకన్నా పిల్లలవి పల్చగా ఉంటాయి. ముఖం మీదా, చెవుల వెనకా కూడా వస్తాయి. అందుకే తామర అని పొరబడి ఏదో ట్యూబు రాసేస్తారు. కొందరికి గొంతునొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు వీపు మీద, పొట్ట మీద చిన్న చిన్న మచ్చలు ఒక్కసారిగా లేస్తాయి. మోకాలు గీసుకుపోతే ఆ గీత వెంబడే మచ్చ రావచ్చు. కొందరి గోళ్ళ మీద సూదితో పొడిచినట్టు గుంటలుంటాయి. ఇంట్లో ఎవరికైనా ఉంటే వచ్చే అవకాశం కొంత ఎక్కువ, అంతే తప్ప వచ్చి తీరాలని లేదు.

ఎక్కువమందికి కుడి మోచేతికి వస్తే ఎడమ మోచేతికీ వస్తుంది. శరీరానికి ఈ లెక్క ఎవరు నేర్పారో! నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

జబ్బు మళ్ళీ మళ్ళీ వచ్చిపోతుంటుంది కానీ, మందులతో అదుపులో ఉంటుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చిన ట్యూబులు రాయొద్దని, పొలుసులు గిల్లొద్దని ఆ అమ్మాయికి చెప్పు. గొంతు నొప్పెడితే వెంటనే డాక్టరుకి చూపించుకోమను. సోమవారం నుంచి నువ్వు ఆమె బల్ల మీదే కూర్చో, ఖోఖో జట్టులోకి ముందు ఆమెనే పిలువు.

మీ తాత